లూర్దెస్ క్రూజ్: కోన్ నత్త విషం నుంచి ఐటా పల్లె దాకా - పద్ధతులు, కొలతలు, సందేహాలు

సముద్రఘోష:

ఫిలిప్పీన్స్ జీవరసాయన శాస్త్రవేత్త లూర్దెస్ క్రూజ్ గారి పని మీద ఒకచోట సరైన వివరం ఉండాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఆమె గురించి చెప్పేవాళ్లు రెండు ముక్కలతో సరిపెడతారు: నత్త విషంలో మందు దొరికింది, తర్వాత అడవి బిడ్డలకు సేవ చేసింది. ఆ రెండిటి మధ్య ఉన్న అసలు పని ఎవరూ చెప్పరు.

తెలిసిన మట్టుకు: 1962లో ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర పట్టా, 1968లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం నుంచి జీవరసాయనంలో పీహెచ్‌డీ. స్వదేశానికి తిరిగొచ్చి 1970ల నుంచి బాల్డొమెరో ఒలివెరా అనే సాటి శాస్త్రవేత్తతో కలిసి కోన్ నత్తల (శంకు ఆకారపు గుల్లలో ఉండే విషపు సముద్ర నత్తలు) విషం మీద పరిశోధన. 2001లో బతాన్ రాష్ట్రంలోని మోరోంగ్‌లో గ్రామీణ జీవనోపాధి కేంద్రం, పొట్టిగా ‘రూరల్ లింక్’. 2006లో నేషనల్ సైంటిస్ట్ గౌరవం. 2010లో లోరియల్-యునెస్కో మహిళా శాస్త్రవేత్తల పురస్కారం.

అడగాలనుకున్నవి ఇవి. ఆమె బృందం కచ్చితంగా ఏం కనిపెట్టింది? విషం నుంచి ఒక్క పెప్టైడ్‌ను, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసును, విడదీయడం అడుగడుగునా ఎలా, ఎక్కడ చెడుతుంది? మన కాలేజీ ల్యాబుల్లో అందులో ఏ భాగం సాధ్యం? ఊళ్లలో చేసిన పనికీ ఈ రసాయనానికీ నిజంగా లంకె ఉందా?

పెప్టైడ్ పీట:

మొదటిదానికి నేను చెబుతాను.

ఆ నత్తనే ఎందుకు పట్టుకున్నారో తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. ఒలివెరా అమెరికాలో డీఎన్ఏ లైగేజ్ (డీఎన్ఏ ముక్కల్ని అతికే ఎంజైమ్) మీద పనిచేసి మనీలా వచ్చారు. అక్కడ ఆ పనికి కావలసిన పరికరాలు లేవు. ఖరీదైన యంత్రం అక్కర్లేని, స్థానికంగా ముడిసరుకు దొరికే సమస్య కావాలి. కోనస్ జియోగ్రాఫస్ అనే కోన్ నత్త జాతి ఆ సముద్రాల్లో ఉంది, మనుషుల్ని చంపుతుందని పేరుంది, విషంలో ఏముందో ఎవరికీ తెలియదు. ఎలుక కడుపులోకి కొద్దిగా ఎక్కిస్తే పక్షవాతం వస్తుంది. చేతిలో గడియారం ఉంటే చాలు, ఏ ఫ్రాక్షన్‌లో (విషాన్ని విడగొట్టిన ఒక్కో భాగం) చురుకు ఉందో తేలిపోతుంది.

ఆ దారినే పోయి పట్టుకున్న కోనోటాక్సిన్లలో (ఈ విషపు పెప్టైడ్లు) రెండు ముఖ్యమైనవి. ఒకటి ఆల్ఫా-కోనోటాక్సిన్ జీఐ: 13 అమైనో ఆమ్లాలు, రెండు డైసల్ఫైడ్ బంధాలు (సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు రెండేసి కలిసి వేసే గంధకపు ముడి). నరం నుంచి వచ్చిన ఎసిటైల్‌కోలిన్ అనే సందేశ రసాయనాన్ని కండరం అందుకోకుండా గ్రాహకం (దాన్ని పట్టుకునే ప్రొటీన్) దగ్గరే అడ్డుపడుతుంది. రెండోది మ్యూ-కోనోటాక్సిన్ జీఐఐఐఏ: 22 అమైనో ఆమ్లాలు, మూడు డైసల్ఫైడ్లు, అందులో మూడు హైడ్రాక్సీప్రోలిన్లు (మార్పు చెందిన ప్రోలిన్ అమైనో ఆమ్లం). 1985లో క్రూజ్ మొదటి రచయితగా వచ్చిన పత్రం దీని గురించే. ఇది కండరంలోని సోడియం చానెల్‌ను (సోడియం అయాన్లు కణంలోకి పోయే ద్వారం) మూస్తుంది, నరంలోని దాన్ని దాదాపు వదిలేస్తుంది. పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్‌కు ఆ తేడా పెద్దగా తెలియదు, రెండింటినీ మూసేస్తుంది. ఆ తేడా చూపే పరికరం చేతికి రావడమే నరాల శాస్త్రానికి పెద్ద లాభం. మందు సంగతి తర్వాతిది.

గుల్లల బుట్ట:

జికోనొటైడ్ అనే నొప్పి మందు క్రూజ్ గారే కనిపెట్టారని చాలాచోట్ల చూశాను. నిజమేనా?

పెప్టైడ్ పీట:

అలా చెప్పకూడదు. జికోనొటైడ్ అంటే కోనస్ మేగస్ అనే ఇంకో నత్తలోని ఒమేగా-కోనోటాక్సిన్ ఎంవీఐఐఏ. ఒలివెరా తర్వాత మారిన అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో, ఆయన ల్యాబులో చేరిన మైఖేల్ మెకింటోష్ అనే కుర్ర విద్యార్థి దాన్ని మొదట వేరుచేశారు. దాని నిర్మాణం, అది ఏ చానెల్‌ను పట్టుకుంటుందీ చెప్పిన 1987 పత్రంలో క్రూజ్ సహరచయిత. అంతకుముందే కోనస్ జియోగ్రాఫస్‌లోని ఒమేగా-జీవీఐఏ మీద జరిగిన పనిలోనూ ఆమె ఉన్నారు. కోనోప్రెసిన్లనే పెప్టైడ్లను పట్టుకున్న 1987 పత్రానికి ఆమే మొదటి పేరు. మన పిట్యూటరీ హార్మోన్లు వాసోప్రెసిన్, ఆక్సిటోసిన్‌లకు అవి దగ్గరి చుట్టాలు. ఆమె వాటా తీసేయడమూ తప్పే, మొత్తం ఆమెకు అంటగట్టడమూ తప్పే.

న్యూరో నోట్సు:

విషం ఒక్క మందు కాదు, ఓ జట్టు. ఒక జాతి నత్తలో వందకు అటూఇటూగా పెప్టైడ్లు ఉండొచ్చు, జాతులు 700కు పైనే. చేపను పట్టే నత్తల్లో రెండు ఎత్తుగడలు కనబడతాయి. ఒకటి మెరుపు దాడి: సోడియం చానెల్ మూతపడకుండా చేసే డెల్టా పెప్టైడ్లు, పొటాషియం చానెల్‌ను మూసే కప్పా పెప్టైడ్లు కలిసి, గుచ్చిన చోట నరాలన్నీ ఒక్కసారి పేలేలా చేస్తాయి. చేప కొయ్యబారిపోతుంది. రెండోది నెమ్మదైన కట్టడి: ఆల్ఫా, మ్యూ, ఒమేగా మూడూ కలిసి నరానికీ కండరానికీ మధ్య దారిని మూడు చోట్ల తెంపుతాయి.

కోనస్ జియోగ్రాఫస్ ఇంకో అడుగు ముందుకేసింది. నోరు వలలా చాచి చిన్న చేపల్ని లోపలికి లాగుతుంది. దాని విషంలో చేపల ఇన్సులిన్‌ను పోలిన ఇన్సులిన్ ఉందని 2015లో తేలింది. రక్తంలో చక్కెర పడిపోయి చేప మత్తుగా తేలుతుంది.

ఇక్కడ పరీక్ష పద్ధతి మార్పు గురించి చెప్పాలి. కడుపులోకి ఎక్కించినంత కాలం పక్షవాతం పెప్టైడ్లే దొరికాయి. యూటాలో క్రెయిగ్ క్లార్క్ అనే విద్యార్థి అవే ఫ్రాక్షన్లను నేరుగా ఎలుక మెదడులోకి ఎక్కించి చూశారు. అప్పటిదాకా చురుకు లేదని పక్కనపెట్టిన ఫ్రాక్షన్లు ఒకటి వణుకు, ఒకటి గోకుడు, ఒకటి నిద్ర తెప్పించాయి. నిద్ర తెప్పించినది కోనాంటోకిన్-జీ: 17 అమైనో ఆమ్లాలు, డైసల్ఫైడ్ ఒక్కటీ లేదు, ఐదు గామా-కార్బాక్సీగ్లుటమేట్లు (మార్పు చెందిన గ్లుటమేట్ అమైనో ఆమ్లం). మెదడులోని ఎన్ఎండీఏ అనే గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. పసి ఎలుక పిల్లలు నిద్రపోతాయి, మూడు వారాలు దాటినవి అదే పెప్టైడ్‌తో ఎగిరి గంతులేస్తాయి. వయసు రాసుకోకుండా ప్రయోగం చేస్తే ఒకే పదార్థానికి రెండు పరస్పర విరుద్ధ ఫలితాలు వచ్చినట్టు కనబడుతుంది.

ద్రావణి:

వేరుచేసే పద్ధతి నేను రాస్తాను. పెద్దగా ఉంటుంది, ఓపికగా చదవండి.

నత్తను మంచులో మత్తు చేసి గుల్ల పగలగొట్టి, పొడవాటి విషనాళాన్ని మంచు మీదే తీయాలి. చివరన బలిష్ఠమైన కండర తిత్తి ఉంటుంది, అది విషాన్ని నెట్టే పంపు, విషం తయారయ్యేది నాళంలో. తిత్తిని కూడా కలిపేస్తే కండర ప్రొటీన్లు వచ్చి కాలమ్ (విషాన్ని భాగాలుగా విడగొట్టే గొట్టం) పాడవుతుంది. నాళాన్ని చిన్న ముక్కలు చేసి పట్టకారుతో పిండి, వెంటనే గడ్డకట్టించి ఫ్రీజ్ డ్రై చేయాలి. ఆలస్యమైతే నాళంలోని ప్రొటియేజ్‌లు (ప్రొటీన్లను కోసే ఎంజైములు) పెప్టైడ్లను కొరికేస్తాయి. అప్పుడు కొత్త పెప్టైడ్ అని మురిసిపోయింది తీరా చూస్తే పాతదాని తునక.

ఎండిన విషం 10 మిల్లీగ్రాములకు 1 మిల్లీలీటరు ద్రావకం: 0.1 శాతం టీఎఫ్‌ఏ (ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం), 30 నుంచి 40 శాతం ఎసిటోనైట్రైల్. పాత పత్రాల్లో పల్చటి ఎసిటిక్ ఆమ్లం వాడేవారు, అదీ పనిచేస్తుంది కానీ నీటికి విముఖమైన డెల్టా పెప్టైడ్లు అడుగునే ఉండిపోతాయి. 4 డిగ్రీల దగ్గర 12,000 జీ వేగంతో 20 నిమిషాలు తిప్పండి. అడుగున మిగిలినదాన్ని పారేయకుండా ఇంకో రెండుసార్లు తీయండి. మూడింటినీ కలిపి 0.22 మైక్రాన్ ఫిల్టరుకు వేయండి. కాలమ్‌లోకి ఎక్కించే ముందు ఎసిటోనైట్రైల్ 5 శాతానికి దిగేలా పలుచన చేయకపోతే పెప్టైడ్లు పట్టు దొరక్క మొదటి నిమిషాల్లోనే జారిపోతాయి. కొత్తవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే.

హెచ్‌పీఎల్‌సీకి (ద్రవాన్ని ఒత్తిడితో కాలమ్ గుండా నెట్టి విడదీసే యంత్రం) సీ18 కాలమ్, అంటే నీటికి విముఖమైన పూత ఉన్నది, 4.6 × 250 మిల్లీమీటర్లు, 5 మైక్రాన్ల గింజ, 300 ఆంగ్‌స్ట్రామ్ రంధ్రం. నిమిషానికి 1 మిల్లీలీటరు. ఏ ద్రావకం 0.1 శాతం టీఎఫ్‌ఏ నీళ్లు, బీ ద్రావకం 90 శాతం ఎసిటోనైట్రైల్‌లో 0.09 శాతం టీఎఫ్‌ఏ. ఆ చిన్న తేడా ఉంటేనే బేస్‌లైన్ పైకి పోకుండా నిలుస్తుంది. మొదటి విడత నిమిషానికి 1 శాతం చొప్పున బీ పెంచండి, 220 నానోమీటర్ల దగ్గర చూస్తూ పీక్ పీక్‌కు చేత్తో గొట్టం మార్చండి. నిమిషానికో గొట్టమని యంత్రానికి వదిలేస్తే రెండు పీకులు ఒకే గొట్టంలో పడతాయి. చురుకున్న పీక్‌ను రెండో విడత నిమిషానికి 0.2 లేదా 0.3 శాతంతో మళ్లీ నడపండి. అప్పటికీ విడిపోకపోతే టీఎఫ్‌ఏ బదులు హెచ్‌ఎఫ్‌బీఏ (హెప్టాఫ్లోరోబ్యుటిరిక్ ఆమ్లం) వాడండి. లైసిన్, ఆర్జినిన్ ఎక్కువున్న పెప్టైడ్లు దానితో జతకట్టి వెనక్కి పోతాయి, లేనివి పోవు.

తర్వాత మాస్, అంటే అణువుల ద్రవ్యరాశి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్. పెప్టైడ్‌లో సిస్టీన్లు ఎన్నో లెక్కించడం చక్కటి పని. ముందు మామూలు ద్రవ్యరాశి రాసుకోండి. పీహెచ్ 8 దగ్గర 10 మిల్లీమోలార్ డీటీటీతో 60 డిగ్రీల్లో అరగంట ఉంచి బంధాలు తెంచండి. డీటీటీకి రెండు మూడింతలు అయోడోఎసిటమైడ్ (తెగిన సిస్టీన్లకు అతుక్కునే రసాయనం) వేసి చీకట్లో అరగంట. మళ్లీ ద్రవ్యరాశి చూడండి. బంధంలో ఉన్న ఒక్కో సిస్టీన్‌కు 58 డాల్టన్లు పెరుగుతాయి. 232 పెరిగితే నాలుగు సిస్టీన్లు, 348 పెరిగితే ఆరు. అదనంగా ఇంకో 57 కనబడితే సంబరపడకండి, అది లైసిన్‌కో పెప్టైడ్ మొదటి కొసకో అంటుకున్న అయోడోఎసిటమైడ్. మోతాదో సమయమో ఎక్కువైంది.

సముద్రఘోష:

ద్రావణి గారూ, గొట్టాల గురించి ఒక సందేహం. పీక్ స్పష్టంగా ఉంది, పరీక్షలో మాత్రం చురుకు కనబడదు. ఎందుకు?

ద్రావణి:

మూడు కారణాలు చూడండి. నానోమోలార్ స్థాయిలో పెప్టైడ్ గాజుకూ ప్లాస్టిక్‌కూ అంటుకుపోతుంది. ప్రొటీన్లు తక్కువగా అంటే గొట్టాలు వాడి, పరీక్ష ద్రవంలో మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రొటీన్) కలిపితే నిలుస్తుంది. రెండోది మిగిలిపోయిన టీఎఫ్‌ఏ: కణాల్నీ కండరాన్నీ అదే చంపుతుంది. రెండుసార్లు ఫ్రీజ్ డ్రై చేసి, ఖాళీ ఫ్రాక్షన్‌ను కూడా అదే విధంగా పరీక్షించండి. మూడోది ఎండబెట్టే యంత్రంలో వేడి పెట్టడం, లేదా క్షార ద్రవంలో రాత్రంతా వదిలేయడం: డైసల్ఫైడ్లు చోట్లు మారిపోతాయి. ద్రవ్యరాశి అదే, ఆకారం వేరు, చురుకు సున్నా. మాస్ యంత్రానికి ఈ తప్పు కనబడదు.

పెప్టైడ్ పీట:

ఆ మూడోదే సింథసిస్‌లోనూ (పెప్టైడ్‌ను ల్యాబులో కట్టడం) అసలు తలనొప్పి. నాలుగు సిస్టీన్లు జతకూడేందుకు మూడు దారులున్నాయి, ఆరు సిస్టీన్లకు పదిహేను. నత్త ఎంచుకునేది ఒక్కటే.

జీఐ లాంటి రెండు బంధాల పెప్టైడ్‌కు దారి చూపుతూ కట్టడమే మంచిది. 2, 7 స్థానాల సిస్టీన్లకు ట్రిటైల్ రక్షణ, 3, 13 స్థానాలకు ఎసిఎమ్ రక్షణ (రెండూ సిస్టీన్‌ను కప్పి ఉంచే రసాయన మూతలు). గొలుసును కట్టే ఆధారపు గింజలుగా రింక్ ఎమైడ్ రెసిన్ తప్పనిసరి, చివర ఎమైడ్ ఉండాలి కాబట్టి. రెసిన్ నుంచి దించగానే మొదటి జత ఖాళీగా వస్తుంది. దాన్ని 20 మిల్లీమోలార్ పొటాషియం ఫెర్రిసయనైడ్‌లో పీహెచ్ 7.5 దగ్గర ముప్పావుగంట ఉంచి, హెచ్‌పీఎల్‌సీలో శుభ్రం చేయండి. ఆపైన అయోడిన్ 10 నిమిషాలు వేస్తే ఎసిఎమ్ తొలగడం, రెండో బంధం పడటం ఒకేసారి జరుగుతాయి. వెంటనే ఆస్కార్బిక్ ఆమ్లంతో రంగు పోయేదాకా ఆపాలి. గంటసేపు వదిలేస్తే 11వ స్థానంలోని టైరోసిన్‌కు అయోడిన్ ఎక్కుతుంది, ద్రవ్యరాశి 126 పెరుగుతుంది.

ఎంవీఐఐఏకు అలా కాకుండా మొత్తం విప్పిన పెప్టైడ్‌ను తనంతట తాను మడతపడనిస్తారు. గాఢత 20 నుంచి 50 మైక్రోమోలార్ దాటకూడదు, దాటితే అణువులు ఒకదానికొకటి ముడిపడి అడుగున పేరుకుంటాయి. ఒక పాలు పెప్టైడ్‌కు క్షయీకృత గ్లూటాథియోన్ (బంధాలు సరిచేసుకోనిచ్చే చిన్న పెప్టైడ్) 100, ఆక్సీకృతం 10, పీహెచ్ 7.5 నుంచి 8, చల్లటి గదిలో ఒకటి రెండు రోజులు. పూర్తయ్యాక ఎసిటిక్ ఆమ్లంతో పీహెచ్ 3కు దించకపోతే మడతలు మళ్లీ కలగాపులగం. 12వ స్థానంలో మెథియోనిన్ ఉంది, గాలికి ఆక్సీకరణం చెంది 16 డాల్టన్లు పెరుగుతుంది. నైట్రోజన్ కింద ఉంచండి.

నాలుగు సిస్టీన్ల దానికి కూడా గాలికి వదిలేస్తే చాలు అనే సలహా అక్కడక్కడా కనబడుతుంది. వద్దు. ప్రధాన ఉత్పత్తి సరైనదే అని నిరూపించడానికి సహజ నమూనా లేకపోతే చిక్కుపోతారు.

సముద్రఘోష:

ఇదంతా చూస్తే మామూలు పీజీ కాలేజీకి దారి లేదనిపిస్తుంది.

పెప్టైడ్ పీట:

ఉంది, తెలివిగా కత్తిరించుకోవాలి. వేరుచేయడం, సిస్టీన్ల లెక్క ఒక మామూలు హెచ్‌పీఎల్‌సీతో చేయవచ్చు, మాస్ నమూనాలు పెద్ద సంస్థకు పంపవచ్చు. మన దేశంలో ఈ దారి ముందే పడి ఉంది. ముంబయి టాటా ప్రాథమిక పరిశోధన సంస్థలో (టీఐఎఫ్‌ఆర్) కె. ఎస్. కృష్ణన్, బెంగళూరు ఐఐఎస్‌సీలో పి. బలరాం బృందాలు తమిళనాడు తీరపు కోన్ నత్తల పెప్టైడ్ల మీద మాస్ స్పెక్ట్రోమెట్రీతో మంచి పని చేశాయి. జంతువుల మీద పరీక్ష మాత్రం సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు, చేప కూడా వెన్నెముక ప్రాణే.

విషనాళం ఆర్‌ఎన్‌ఏ చదివి పెప్టైడ్ వరసలు ఊహించడం ఇంకో దారి. అయితే ఆర్‌ఎన్‌ఏ వరసలో ప్రోలిన్ అని మాత్రమే కనబడుతుంది, హైడ్రాక్సీప్రోలిన్ అని కనబడదు. గ్లుటమేట్ కనబడుతుంది, గామా-కార్బాక్సీ కనబడదు. బంధాల జతలూ కనబడవు. విషంలో నిజంగా ఏముందో చూడటానికి మళ్లీ కాలమ్ దగ్గరికే రావాలి.

తీరవాసి:

ల్యాబుకు ముందు తీరం సంగతి. మన దగ్గర పోగయ్యే ప్రతిదాన్నీ గవ్వ అనో శంఖం అనో అంటాం. ఈ గుల్ల వేరు: ఐస్‌క్రీం కోను ఆకారం, వెడల్పు వైపు మెట్లు మెట్లుగా చుట్టు, పొడవునా సన్నటి చీలిక. మన తూర్పు తీరంలోనూ కోన్ నత్తలున్నాయి. పురుగుల్ని తినేవాటి కాటు తేనెటీగ కుట్టినట్టు ఉండొచ్చు. చేపల్ని తినేవి ప్రాణాంతకం. ఏది ఏదో పైరంగు చూసి తేల్చుకోవడానికి ప్రయత్నించకండి.

వెడల్పు వైపు పట్టుకుంటే ఏం కాదనే మాట తప్పు. తొండం గుల్ల మీదుగా ఏ వైపుకైనా వంగుతుంది. 30 సెంటీమీటర్ల పట్టకారు, గట్టి ప్లాస్టిక్ డబ్బా వాడాలి. లుంగీ మడతలో, జేబులో వేసుకోవడం అసలే వద్దు. పన్ను బోలుగా ఉండే బాణం, బట్టను దాటి దిగుతుంది.

చంపకుండా విషం తీయడం కూడా రాస్తాను. అరమిల్లీలీటరు గొట్టం మూతికి పలచటి రబ్బరు పొర సాగదీసి కట్టి, దాని మీద చిన్న చేప రెక్క ముక్క పెడతారు. ముందు బతికిన చేపను చూపితే నత్త తొండం చాస్తుంది. అప్పుడు చేపను తప్పించి గొట్టం అందించాలి. గుచ్చి వదిలిన విషం కొన్ని మైక్రోలీటర్ల నుంచి కొన్ని పదుల దాకా. వెంటనే చేపను తినిపించాలి, లేకపోతే నాలుగైదు విడతల తర్వాత గొట్టాన్ని పట్టించుకోదు. వారానికి ఒకసారికి మించొద్దు. తొట్టిలో ఉప్పు లీటరుకు 33 నుంచి 35 గ్రాములు, వేడి 24 నుంచి 26 డిగ్రీలు, దాక్కోవడానికి వేలెడు లోతు ఇసుక.

న్యూరో నోట్సు:

ఇలా తీసిన విషమూ కోసి తీసిన విషమూ ఒకటి కావని గుర్తుంచుకోండి. జియోగ్రాఫస్‌లో నాళం మొదటి భాగంలో ఆత్మరక్షణకు వాడే విషం, కొస భాగంలో వేటకు వాడే విషం తయారవుతాయని 2014లో చూపారు. మనిషిని పక్షవాతానికి గురిచేసే పెప్టైడ్లు రక్షణ విషంలో దండిగా ఉంటాయి. చేప చూపి తీసిన విషంలో అవి లేవు కాబట్టి ఈ నత్త ప్రమాదం కాదనుకోవడం పొరపాటు.

గుల్లల బుట్ట:

కుడితే వేడినీళ్లలో ముంచాలి కదా?

తీరవాసి:

వేడినీళ్లు నొప్పికి. ముళ్ల చేపలు గుచ్చినప్పుడు మేలు. జియోగ్రాఫస్ కుట్టినప్పుడు నొప్పి నామమాత్రంగా ఉండొచ్చు, ముప్పు శ్వాసకు. నీళ్లు కాచుకుంటూ కూర్చుంటే ఆసుపత్రికి పోయే సమయం పోతుంది.

న్యూరో నోట్సు:

సరిగ్గా చెప్పారు. విరుగుడు సీరం లేదు. కుట్టిన చోటు నుంచి పైదాకా వెడల్పు కట్టుతో, బెణికిన కాలుకు కట్టినంత బిగువుగా చుట్టి, ఆ చేయి లేదా కాలు కదలకుండా కర్ర కట్టాలి. కోయడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. పెదాలు మొద్దుబారడం, చూపు రెండుగా కనబడటం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం అనేవి ఊపిరి ఆగేముందు గుర్తులు. ఊపిరి ఆగితే నోటితో ఊదుతూనే ఉండాలి. వెంటిలేటర్ మీద గంటల తరబడి నిలబెడితే విషం దానంతట అదే వదులుతుంది. మనిషి కనురెప్ప కదపలేకపోయినా స్పృహలో ఉండొచ్చు. పక్కన కూర్చుని చేదుగా మాట్లాడకండి. నమోదైన మరణాలు 30 పైచిలుకు, దాదాపు అన్నీ జియోగ్రాఫస్‌వే.

జికోనొటైడ్ గురించి కూడా ఇక్కడే. 2004 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి పంపుతో మాత్రమే ఇస్తారు. సిరలోకి, అంటే నేరుగా రక్తంలోకి ఇస్తే రక్తపోటు పడిపోతుంది, ఎందుకంటే అది మూసే ఎన్-రకం కాల్షియం చానెళ్లు రక్తనాళాల్ని బిగించే నరాల్లోనూ ఉన్నాయి. పైగా రక్తం నుంచి మెదడుకు దాటదు. మొదటి మోతాదు రోజుకు 2.4 మైక్రోగ్రాములు మించదు, గరిష్ఠం 19.2. మార్ఫిన్‌లా ఊపిరి మందగించదు, అలవాటుపడి మోతాదు పెంచాల్సిన పని లేదు. కానీ మోతాదు తొందరగా పెంచితే అయోమయం, భ్రాంతులు, తీవ్ర కుంగుబాటు. మందుకూ విషానికీ మధ్య సందు ఇరుకు.

మన్యం మిత్ర:

నాలుగో ప్రశ్నకు వస్తాను. క్రూజ్ ల్యాబు మూసేసి పల్లెకు వెళ్లిపోయారన్నట్టు రాస్తారు. 2001 తర్వాత కూడా కోనోటాక్సిన్ల పత్రాల్లో ఆమె పేరు ఉంది. రెండూ పక్కపక్కనే నడిచాయి.

మోరోంగ్ కొండల్లో ఉండేది ఐటాలు, ఫిలిప్పీన్స్ మూలవాసుల్లో ఒక తెగ. వేట, అడవి సేకరణ, ‘కాయింగిన్’ అనే కొట్టి కాల్చి చేసే సాగు వాళ్ల బతుకు. మన ఏజెన్సీలోని పోడుకు అది అచ్చంగా జంట. అడవి తగ్గితే రెండూ కూలుతాయి. రూరల్ లింక్ ఉద్దేశం అక్కడే ఉపాధి పుట్టించడం, అదీ అడవిని హరించకుండా, వాళ్లకు ముందే తెలిసినదాన్ని పునాదిగా పెట్టుకుని. ఫిలిప్పీన్స్‌లో 1997 నాటి మూలవాసుల హక్కుల చట్టం ప్రకారం ముందస్తు, స్వేచ్ఛాపూర్వక సమ్మతి లేకుండా వాళ్ల భూమిలో ఏ పనీ మొదలుపెట్టకూడదు. ఇక్కడ మనకు 1996 పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం), 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నాయి. గ్రామసభ సంతకాల కాగితం తెచ్చుకుని సమ్మతి అయిపోయిందనుకోకూడదు. కొలిచినదేదో అదే గ్రామసభలో తిరిగి వినిపించాలి.

పెప్టైడ్ పీట:

సముద్రంలోనూ ఇదే మాట. ఫిలిప్పీన్స్‌లోని బొహోల్ దగ్గర జాలర్లు ‘లుమున్-లుమున్’ అనే చిక్కువలలు లోతున నెలల తరబడి వదిలేస్తారు. పాతబడిన వలలో చిన్న నత్తలు గూడు కట్టుకుంటాయి. పరిశోధకుల పడవలకు దొరకని అరుదైన నమూనాలు వాటిలోంచే వచ్చాయి. ఎంవీఐఐఏ వరస 1987లో బయటికొచ్చినప్పుడు జీవవైవిధ్య ఒప్పందం ఇంకా లేదు, అది 1992 నాటిది. ఫిలిప్పీన్స్ 1995లో తన నియమం తెచ్చుకుంది. మన హైదరాబాద్‌లో 2012లో జరిగిన ఆ ఒప్పందపు కాప్-11 సమావేశంలో చర్చకు వచ్చినవాటిలో లాభంలో వాటా ఎవరికి అన్నదీ ఒకటి. మన తీరంలో పనిచేసేవాళ్లు 2002 జీవవైవిధ్య చట్టం చదువుకోవాలి. నమూనా విదేశానికి పంపాలంటే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలి. కోనస్ మిల్నెడ్వర్డ్సీ అనే జాతి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉంది, అది వలలో పడినా వదిలేయాల్సిందే.

గుల్లల బుట్ట:

అంతా బాగుంది కానీ హెచ్‌పీఎల్‌సీ తెలిసినవాళ్లు కొండ ఊళ్లో ఏం చేయగలరు? వ్యవసాయ శాఖవాళ్లో, స్వచ్ఛంద సంస్థవాళ్లో చేసే పని కదా అది.

మన్యం మిత్ర:

ఒక్క ఉదాహరణ చాలు: తపసి బంక. మన ఏజెన్సీలో గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో ముఖ్యమైనది. గొడ్డలితో కలపదాకా నరికితే బంక ఎక్కువ కారుతుందనుకుంటారు. కొన్నేళ్లలో చెట్టు పుచ్చుపట్టి పడిపోతుంది. బెరడు వరకే తాకే సన్నటి కత్తితో చిన్న గాటు పెట్టి, పాత గాటుకు దూరంగా కొత్తది పెడితే చెట్టు మానుతుంది. ఇది అడవి తెలిసినవాళ్లు చెప్పగలరు. తర్వాతి భాగం రసాయనం.

తపసి బంకలో ఎసిటైల్ గుంపులుంటాయి. తేమలో, వేడిలో అవి ఊడి ఎసిటిక్ ఆమ్లం బయటికొస్తుంది. మూటలోంచి పుల్లటి వాసన వస్తే అదే. వాటితోపాటు జిగట పడిపోతుంది, కొనేవాడు ధర తగ్గిస్తాడు. పొడి చేసిన బంక గడ్డల కంటే త్వరగా చెడుతుంది, గాలి తగిలే ఉపరితలం పెరుగుతుంది కదా. కాబట్టి ఊళ్లో గ్రైండరు పెట్టి విలువ పెంచుదాం అనే పథకం వినడానికి బాగున్నా నష్టమే. గడ్డలుగానే ఉంచి, బెరడు తునకలు ఏరి, తెల్లవి ఎర్రవి వేరుచేసి, ఆరబెట్టి, తొందరగా అమ్మితే మేలు. ఎందుకు చెడుతుందో తెలిసినవాడు ఉంటే ఆ గ్రైండరు డబ్బుతో నీడపందిరి వేయించవచ్చు.

ద్రావణి:

ఒక అభ్యంతరం. ఫ్రాక్షన్ పరీక్షలో ఒక్క గొట్టం మార్చి ఫలితం చూడగలం. ఊళ్లో వాన, ధర, రోడ్డు, జ్వరాలు అన్నీ ఒకేసారి మారతాయి. ల్యాబు పద్ధతి నేరుగా అక్కడ అతికించడం నాకు నమ్మకంగా లేదు.

మన్యం మిత్ర:

నేరుగా అతికించమనడం లేదు. ఒక ఊళ్లో ఒకేసారి ఐదు పథకాలు దింపితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు, ఇది మాత్రం ల్యాబు నుంచి నేర్చుకోవాల్సిన మాటే. ఒక్క సీజనుకు ఒక్క మార్పు. పక్క గూడెం పాత పద్ధతిలోనే ఉంటుంది కాబట్టి పోల్చుకోవచ్చు. వాన రెండు చోట్లా ఒకటే, రోడ్డు ఒకటే.

ద్రావణి:

అలా అయితే ఒప్పుకుంటాను. తేమ కొలిచే పద్ధతి రాస్తారా? ఊళ్లో ఓవెన్ ఉండదు కదా.

మన్యం మిత్ర:

సరైన కొలత ఓవెన్‌దే: నలగగొట్టిన బంక 5 గ్రాములు, 105 డిగ్రీల్లో ఐదు గంటలు, చల్లార్చి తూచి, మళ్లీ గంట ఉంచి తూచాలి. రెండు తూకాలూ సరిపోలితే ఆపండి. తగ్గిన బరువు భాగించు 5, ఇంటూ వంద. ఇది దగ్గర్లోని కాలేజీలో చేయించి, అదే మూటలోంచి తీసిన గడ్డల్ని మూత గట్టి డబ్బాల్లో వేసి 10, 15, 20 శాతం అని చీటీ అంటించి ఊళ్లో పెట్టండి. సుత్తితో కొడితే పొడిది పటుక్కున పగులుతుంది, తడిది సాగి అణుగుతుంది. సేకరించేవాళ్లు ఆ డబ్బాల గడ్డలతో తమ గడ్డను పోల్చి కొట్టి చూసుకుంటే రెండు మూడు వారాల్లో చేతికి లెక్క అందుతుంది. డబ్బాల్లోవి ప్రతి నెలా మార్చాలి, మూత తీసినప్పుడల్లా తేమ మారుతుంది.

ద్రావణి:

డబ్బాలో సిలికా జెల్ వేయకండి, 20 శాతం చీటీ అబద్ధమైపోతుంది.

మన్యం మిత్ర:

మంచి మాట. చీటీ మీద తూచిన తేదీ కూడా రాయాలి.